ఎడమ కింది అతుకు

స్పాంజి తడిగా ఉంది.

నిన్న సాయంత్రం షెడ్డుకి తాళం వేసేముందు ఆమె దాన్ని గట్టిగా పిండి బల్ల అంచున ఆరబెట్టింది. పిండినప్పుడు మణికట్టు నొప్పి పుట్టిన సంగతి కూడా గుర్తుంది. పొద్దున ఏడింటికి తలుపు తీసి, పోటీకి తీసుకెళ్లే రంగుటద్దాల ప్యానెల్‌ని దుప్పట్లో చుట్టబోతూ, అలవాటుకొద్దీ స్పాంజి మీద వేలు పెడితే వేలు చల్లగా లోపలికి దిగింది. టంకం కరిగించే సోల్డరింగ్ ఐరన్ మొన తుడవడానికి తప్ప ఆ స్పాంజిని ఎవరూ తడపరు. అంటే తను లేనప్పుడు ఎవరో ఐరన్ వేడి చేశారు. షెడ్డుకి తాళంచెవులు రెండే. ఒకటి ఆమె దగ్గరుంది. రెండోది నాన్న దగ్గర.

"నాన్నా, పొద్దున్న షెడ్డులోకి వచ్చావా?"

గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్న ఆయన తలెత్తలేదు. "నాకేం పని?"

"ప్యానెల్ ముట్టుకున్నావా అని అడుగుతున్నా."

"నేనెందుకు ముట్టుకుంటానే? నీ పోటీ, నీ అద్దం. పద, వ్యాన్ వాడు హారన్ కొడుతున్నాడు."

తొడుక్కున్న చెప్పుని విప్పి మళ్లీ తొడుక్కున్నాడు. అబద్ధం ఆడటం రాని మనిషని ఇంటిల్లిపాదీ ఆయన గురించి చెప్పుకునేవారు. ఆమె కూడా ఆ మాటే చెప్పేది. ఈ పొద్దున ఆ చెప్పు వంక చూస్తూ, రానిదేం కాదు, ఇన్నాళ్లూ అవసరం పడలేదంతే, అనుకుంది.

వ్యాన్‌లో ప్యానెల్‌ని మోకాళ్ల మధ్య నిలువుగా పెట్టుకుని కూర్చుంది. రంగుటద్దాన్ని ఎప్పుడూ నిలబెట్టే తీసుకెళ్లాలి, పడుకోబెడితే సొంత బరువుకే వంగి పగులుతుంది. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. నలభై ఆరు గాజు ముక్కలు, వాటిని పట్టి ఉంచే సీసపు పట్టీలు, పట్టీలు కలిసిన ప్రతిచోటా టంకంతో వేసిన అతుకు. అతుకులు మొత్తం అరవై ఒకటి. ఒక ఆసుపత్రి మెట్ల మలుపులో పెట్టబోయే పెద్ద కిటికీ కోసం, ఈ పనిలో కొత్తగా అడుగుపెట్టినవాళ్లకి మాత్రమే పెట్టిన పోటీ అది. గెలిచినవాళ్ల డిజైనుతోనే ఆ కిటికీ కడతారు. ఆమె గీసింది తాడు మీద ఆరేసిన దుప్పటి, వెనక ఎండ. పువ్వుల్లేవు, పక్షుల్లేవు. పదకొండు రకాల తెలుపులు, మడతల నీడల్లో కాస్త నీలం. కాగితం మీది డిజైను చూసి నూట ఇరవై మందిలో పదహారుగురిని పిలిచారు. ఆ డిజైనులో ఒక భాగాన్ని నిజం గాజుతో చేసి తేవాలి. ఆమె నంబరు పద్నాలుగు.

నిబంధనల్లో ఏడోది ఆమెకు కంఠతా వచ్చు. ప్రతి కోతా, ప్రతి అతుకూ పోటీదారు సొంత చేతిదై ఉండాలి. అందుకే అతుకులకి నల్లరంగు పట్టించకుండా తెమ్మన్నారు. మెరుస్తూ ఉంటే ఏ అతుకు ఎలా వేశారో కంటికి తెలుస్తుంది.

హాలు పెద్దది, కప్పు ఎత్తుగా ఉంది. ఒక గోడంతా కిటికీలే. పన్నెండింటికి గంట కొట్టగానే ప్యానెళ్లన్నీ ఆ కిటికీలకి ఎక్కిస్తారు, అప్పుడు జడ్జీలు వస్తారు. అందాకా ఎవరి బల్ల దగ్గర వాళ్లు చివరి మెరుగులు దిద్దుకోవచ్చు. బల్లలకి అవతల తాడు కట్టారు, తాడుకి అవతల బెంచీల మీద ఇళ్లవాళ్లు. నాన్న మొదటి బెంచీ చివర కూర్చున్నాడు. పక్కనే మేనత్త, ఒడిలో తన సంచి.

"బుల్లీ, ఆ ఆరో నంబరు చూశావా? ఉల్లిపాయ తరిగి అతికించినట్టుంది," అంది మేనత్త తాడు మీదుగా ఆమెకేసి వంగి, రహస్యం అనుకుని.

"వినపడుద్ది, ఊరుకో," అన్నాడు నాన్న.

"వినపడనీ. ఉల్లిపాయని ఉల్లిపాయ అంటే తప్పా?"

ఆమె నవ్వలేదు. దీపం కిందికి వంచి అతుకులు చూడటం మొదలుపెట్టింది.

నాన్న అతుకు ఆమెకు తెలుసు. ఐరన్‌ని నొక్కి తిన్నగా పైకి లేపుతాడు. టంకం పెసరబద్దలా పరుచుకుని ఆగిపోతుంది. ఆమె చెయ్యి అలా లేవదు, లేచేటప్పుడు కొంచెం జారుతుంది. అందుకని ఆమె అతుకులన్నిటికీ సన్నటి తోక ఉంటుంది. "ఇవి అతుకులా, తోకకప్పలా?" అని నాన్న నాలుగేళ్లుగా ఏడిపిస్తూనే ఉన్నాడు. తోక లేని అతుకు ఒక్కటి కనిపిస్తే చాలు. అదే ఆయనది.

పద్దెనిమిదో అతుకు దగ్గర వేలు ఆగింది. పైన, కుడివైపు, దుప్పటి అంచు తాడుని తాకే చోట. గుండ్రంగా, నున్నగా, ఎక్కడా జారని టంకం. అచ్చు పెసరబద్ద.

తక్కిన నలభై మూడూ చకచకా చూసింది, అన్నిటికీ తోకలున్నాయి. కోపం కంటే ముందు ఇంకొకటి వచ్చింది. అది రావడం ఆమె చూసింది. హమ్మయ్య, అక్కడ గట్టిగా ఉంటుంది, అన్న నిమ్మళం. ఆ నిమ్మళాన్ని చూశాకే నిజంగా కోపం వచ్చింది. అది ఆయన మీదో తన మీదో తేల్చుకోలేకపోయింది.

ఇది ఈ పొద్దున మొదలైంది కాదు. బడిలో గీసిన పటాల్లో నదులన్నీ ఆయన చేతివే. "ఇటివ్వు, ఒక్క నిమిషం" అనేవాడు, ఆ ఒక్క నిమిషంలో పెన్సిలు ఆయన వేళ్ల మధ్యకి వెళ్లిపోయేది. టీచరు మెచ్చుకుంటే ఆమె తల వంచుకునేది, అందరూ సిగ్గనుకునేవారు. పెద్దయ్యాక ఆమె కోసిన గాజు అంచుల్ని ఆమె టీ తాగి వచ్చేలోగా ఆయన సానబెట్టి ఉంచేవాడు. చెయ్యి పెట్టానని చెప్పడు, పెట్టలేదనీ చెప్పడు. ఇప్పుడామెకు ముప్పై రెండేళ్లు. ఏదైనా పని బాగా కుదిరితే, ఇందులో నాదెంత అని ముందు అనుమానిస్తుంది. కుదరకపోతే ఏ అనుమానమూ ఉండదు. ఈ పోటీకి వచ్చింది ఆసుపత్రి కిటికీ కోసమే అని అందరికీ చెప్పింది. కాదు. ఒక్క వస్తువు, అంచు నుంచి అంచు దాకా తనది అని అనుమానం లేకుండా చూడగలిగేది ఒక్కటి కావాలి. ఇరవై రెండు రోజులు నాన్నని షెడ్డులోకి రానివ్వకుండా చేసింది అందుకే.

పదకొండూ పదికి తనిఖీ చేసే ఆవిడ వీళ్ల వరసలోకి వచ్చింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, మెడలో నల్లదారానికి వేలాడే భూతద్దం. ప్రతి బల్ల దగ్గరా ప్యానెల్‌ని మూలమూలనా చూసి, చివర్న ఒకటే ప్రశ్న అడుగుతోంది. "ఇందులో మీది కాని చెయ్యి ఏదైనా ఉందా?" లేదండీ, లేదండీ, లేదండీ. ప్రతి "లేదండీ" తర్వాత పెన్ను కాగితం మీద గీసిన చప్పుడు. పన్నెండు. పదమూడు.

లేదనే చెప్పాలని ఆమె నిశ్చయించుకుంది. ఒక్క అతుకు. ఎవరికి తెలుస్తుంది? ఇరవై రెండు రోజుల్ని ఒక పెసరబద్ద కోసం కాలవలో పోస్తామా? మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది.

ఆవిడ భూతద్దం దించింది. "మీది కాని చెయ్యి ఏదైనా ఉందా?"

ఆమె బెంచీ వైపు చూసింది. నాన్న కప్పుకేసి చూస్తున్నాడు, అక్కడేదో చదవాల్సింది ఉన్నట్టు.

"ఒక అతుకు నాది కాదండీ."

పదమూడో నంబరు కుర్రాడు చేతిలో గుడ్డ ఆపేశాడు.

"ఎవరిది?" అందావిడ, గొంతు పెంచకుండా.

"మా ఇంట్లోవాళ్లది. నేను అడగలేదు. పొద్దున్నే తెలిసింది."

ఆవిడ గోడ గడియారం చూసింది. పదకొండూ ఇరవై రెండు. "పన్నెండులోపు దాన్ని తీసేసి మీరే వేసుకుంటే నేను సంతకం పెడతాను. లేదంటే ప్యానెల్ పక్కకి పెట్టేయాలి. నేనిక్కడే నించుంటాను. ఏదీ చూపించండి."

ఆమె పైన కుడివైపుది చూపించింది. ఆవిడ భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"ఇదేనా? ఖాయమా?"

"ఖాయమండీ."

ఆవిడ భూతద్దం వదిలేసి, ఐరన్ వైపు చెయ్యి చూపించింది.

ఐరన్ కాలడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ ఆమె బెంచీ వైపు చూడలేదు, కానీ అక్కడ ఎవరో లేచి నిలబడటం, మేనత్త "కూర్చో అన్నయ్యా, పరువు తీయకు" అనడం వినిపించాయి. చుట్టూ ఉన్న గాజుకి తడిగుడ్డ ముక్కలు కప్పింది. కత్తి మొనతో పాత టంకం మీద గీరి, టంకం పట్టడానికి రాసే పేస్ట్ రాసి, ఐరన్ ఆనించింది. పెసరబద్ద ఒక్కసారి వణికి, నీళ్లలా మెరిసి కరిగిపోయింది. కరుగుతుంటే ఆమెకు సంతోషమేసింది. సన్నగా, కాస్త విషంగా ఉన్న సంతోషం. తీసేస్తున్నాను చూడు, నీ ఎదురుగానే తీసేస్తున్నాను.

"అది కాదమ్మా."

నాన్న తాడు దగ్గరికి వచ్చేశాడు. హాల్లో సగం మంది తలలు తిప్పారు.

"అది నీదే. పైన కుడివైపుది నీదే."

"నాన్నా, వెళ్లి కూర్చో."

"నీదే అంటుంటే—"

"నా అతుకుకి తోక ఉంటుంది. దీనికి లేదు. నువ్వేగా నాలుగేళ్లుగా చెప్తున్నావు?"

"ఒక్కటి బాగా కుదిరిందే నీకు! అరవైలో ఒక్కటి. ఎందుకు నమ్మవు?"

ఆమె నమ్మలేదు. మళ్లీ ఆదుకోవడానికి వచ్చాడనుకుంది. తీసేసినందుకు తను బాధపడకూడదని, అదీ నీదేలే అని చేతిలో పెడుతున్నాడనుకుంది. "మరి నీదేది?" అంది. పళ్ల మధ్య నుంచి వచ్చింది మాట.

ఆయన తనిఖీ ఆవిడ వైపు ఒకసారి, నేల వైపు ఒకసారి చూశాడు. ఎందరి ముందో పొద్దుటి అబద్ధాన్ని బయటికి తీయాల్సి వచ్చిన మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆమె అప్పుడు చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎడమ కింద. మూల నుంచి రెండోది."

ఆమె వంగి చూసింది. "దీనికి తోకుంది."

"పెట్టాను."

"ఏంటి?"

"తోక పెట్టాను. నీ చెయ్యిలాగే వేశాను. నాకు తెలిసిన పని అదేగా."

ఆయన అన్నది నిజమే. నలభై ఏళ్లుగా ఆయన బతుకంతా పాత కిటికీలు బాగుచేయడం. ఎవరో ఎప్పుడో కట్టిన కిటికీలో పగిలిన ముక్క తీసి, వాళ్ల కోత, వాళ్ల గీత, వాళ్ల అతుకు పట్టుకుని, ఎక్కడ బాగుచేశారో ఎవరికీ తెలియకుండా చేస్తాడు. తెలిస్తే ఆ పని పాడైనట్టు. సొంతంగా ఒక్క కిటికీ కట్టలేదు. తన చేతిని దాచుకోవడంలో అంత ఆరితేరిన మనిషి, తన పెసరబద్దని అక్కడ అలా వదిలేస్తాడని ఎలా అనుకుంది?

తనిఖీ ఆవిడ అప్పటికే భూతద్దంతో మూలకి వంగింది. "ఈ తోక ఎడమకి తిరిగింది," అంది నెమ్మదిగా. "మీవన్నీ కుడికి. బల్లకి అవతలి వైపు నించుని వేశారు." తలెత్తి నాన్నని చూసింది. ఆ చూపులో కోపం లేదు, పనివాళ్లు పనివాళ్లని చూసే చూపు. "చాలా బాగా వేశారు," అని, ఆమె వైపు తిరిగి, "ఇరవై ఎనిమిది నిమిషాలు. రెండు అతుకులు," అంది.

ముందు కరిగించినది మళ్లీ వేయాలి. ఆమె పైన కుడివైపు టంకం తీగ పెట్టి, ఐరన్ ఆనించి, లేపింది. చెయ్యి జారింది. తోక వచ్చింది. అరవై ఒకటిలో కుదిరిన ఒక్కటీ పోయింది. దాన్ని తన చేత్తోనే కరిగించింది, అదీ సంతోషంగా. ఆ సంగతి ఆలోచించడానికి ఇప్పుడు వ్యవధి లేదు. ఎడమ మూలకి వచ్చింది.

నాన్న టంకం కరగడానికి కొంచెం ఎక్కువ సేపు పట్టింది. అది కరిగి పక్కకి తప్పుకోగానే కింద ఉన్నది బయటపడింది. సీసపు పట్టీ అసలు అంచుదాకా రాలేదు. రెండు పట్టీల కొనల మధ్య బియ్యపుగింజ దూరేంత సందు.

మంగళవారం మధ్యాహ్నం. ఆ పట్టీ కోసింది తనే. పొట్టిగా తెగింది. తెగినట్టు కనిపించింది కూడా. టంకం కప్పేస్తుందిలే అనుకుంది, కప్పింది, ఆ తర్వాత ఎంత శుభ్రంగా మర్చిపోయిందంటే, ఇందాక అరవై ఒక్క అతుకులూ చూస్తూ ఈ మూలని అర క్షణంలో దాటేసింది. పొద్దున్నే అది విచ్చుకుని ఉంటుంది. ఆయన చూసి ఉంటాడు. చెప్పొచ్చుగా! చెప్తే తను మొత్తం విప్పేస్తుందని భయపడ్డాడేమో. ఇన్నాళ్లూ అబద్ధాలన్నీ ఆయన ఖాతాలోనే అనుకుంది. ఇది మాత్రం తనకి తను చెప్పుకున్నది.

"సందులో సీసం పెట్టాలి," అంది తనిఖీ ఆవిడ, ఎటో చూస్తూ. సలహా ఇవ్వకూడదు కాబట్టి ఎవరికీ చెప్పనట్టు. "పదహారు నిమిషాలు."

పెట్టెలో సీసపు ముక్క ఒక్కటీ లేదు. తుక్కంతా షెడ్డులోనే. తాడు అవతల నాన్న చెయ్యి జేబులోకి వెళ్లడం కంటికొసన కనిపించింది. ఆ జేబులో ఎప్పుడూ ఒక ముక్క ఉంటుంది.

"వద్దు," అంది ఆమె, తల తిప్పకుండా.

చెయ్యి ఆగింది.

ప్యానెల్ చుట్టూ ఉన్న అంచు పట్టీ కుడి మూల దగ్గర గోరంత బయటికి పొడుచుకుని ఉంది. కత్తితో దాన్నే చెక్కింది. కాగితమంత పలచని చీలిక. రెండుసార్లు కింద పడింది. మూడోసారి కత్తి మొనతో సందులోకి దూర్చి నొక్కింది. దాని పక్కనే ఉన్నది పదకొండు తెలుపుల్లోకీ పలచనిది, ఊది చేసిన గాజు. దానికి జోడీ ముక్క లేదు. ఐరన్ మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు దాటి ఆగితే ఆ వేడికి గాజు చిట్లుతుంది.

ఒకటి, రెండు, మూడు. లేపింది. టంకం పట్టలేదు. పూసలా ముడుచుకుని దొర్లింది. పాత పేస్ట్ మాడి నల్లగా అట్టకట్టి ఉంది. దాన్ని గీరింది. సీసం తెల్లగా మెరిసేదాకా గీరింది. కొత్త పేస్ట్ రాసింది. ఊపిరి ఆపుకోలేదు, ఆపితే చెయ్యి వణుకుతుంది. ఒకటి. రెండు.

టిక్ మంది.

ఆమె చూపు ఆ పలచని గాజు మీదికి దూకింది. పదమూడో నంబరు కుర్రాడు "అయ్యో" అన్నాడు.

"నా సంచి గుండీయే, నా సంచి గుండీ!" అంది మేనత్త. "కళ్లజోడు తీసుకుంటున్నా, మహాపాపం అయినట్టు అందరూ అలా చూస్తారేంటి?"

మూడు. లేపింది. టంకం పాకింది. చీలిక మీదా, రెండు కొనల మీదా, అటూ ఇటూ ఒలికి, మధ్యలో చిన్న గూనిలా నిలిచింది. వికారంగా ఉంది. తోక కుడికి తిరిగింది.

గంట కొట్టినప్పుడు ఆమె ఐరన్ స్టాండులో పెడుతోంది. తనిఖీ ఆవిడ మొనదేలిన సూదితో అతుకుని రెండు వైపుల నుంచీ పొడిచింది, మూల పట్టుకుని మెల్లగా వంచి చూసింది. విచ్చుకోలేదు. సంతకం పెట్టింది.

ప్యానెళ్లు కిటికీలకి ఎక్కాయి. జడ్జీలు ముగ్గురు తిరిగారు, వెనక్కి వెళ్లారు, మళ్లీ తిరిగారు. పద్నాలుగు ముందు చాలాసేపు ఆగారు. బయట మబ్బు తప్పుకుని దుప్పటి వెలిగినప్పుడు ఒకాయన పక్కాయన భుజం తట్టి ఏదో చూపించాడు. మూడింటికి ఫలితాలు చెప్పారు. కిటికీ తొమ్మిదో నంబరుకి. పద్నాలుగుది రెండో స్థానం.

అందరికీ ఒక కాగితం ఇచ్చారు. ఆమె దాన్ని వరండాలోకి తీసుకెళ్లి చదివింది. డిజైను గురించి నాలుగు మంచి వాక్యాలు. పనితనం దగ్గర ఒక్కటే వాక్యం: ఎడమ కింది మూలలో అతుకు మోటుగా ఉంది, తుది నిర్ణయంలో ఇది లెక్కకు వచ్చింది. ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. ఏడుపు వస్తుందేమో అని చూసుకుంది. రాలేదు. తన చేతి గురించి, తన చేతి ఒక్కదాని గురించి ఎవరైనా రాసిన మొదటి వాక్యం అది. ఇందులో నాదెంత అన్న అనుమానం రాలేదు.

నాన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె కాగితం ఇచ్చింది. ఆయన దూరంగా పట్టుకుని చదివాడు.

"దాన్ని అలానే ఉంచేసి ఉంటే..." అని ఆపేశాడు.

"ఉంచేసి ఉంటే మొదటి బహుమతి నీకొచ్చేది."

ఆయన కాగితాన్ని మడవబోయి, తనది కాదని గుర్తొచ్చినట్టు, మడవకుండానే తిరిగిచ్చాడు. లోపల మేనత్త ఎవరితోనో రెండో బహుమతి మొదటిదానికంటే ఎందుకు గొప్పదో వాదిస్తోంది.

"పొద్దున్న షెడ్డులో ఎంతసేపున్నావు?" అంది ఆమె.

"గంట."

"ఒక్క అతుకుకి గంటా?"

"అతుకు పావుగంటే. తక్కినసేపు ఆ పైనది చూస్తూ కూర్చున్నా. కుడివైపుది." గొంతు సవరించుకున్నాడు. "నాకు నీ వయసులో అలాంటిది రాలేదు."

ఆమె వరండా గోడకి ఆనుకుంది. ఆ అతుకుని తను దీపం కింద ఎంతసేపు చూసిందో, ఏమని చూసిందో గుర్తు తెచ్చుకోబోయింది. చూసినంతసేపూ అది ఆయన నేరంలాగే కనిపించింది. అతుకుగా ఒక్కసారీ చూడలేదు.

"ఎలా ఉండింది?" అంది.

ఆయన ఎడమ అరచేయి చాచి, కుడి బొటనవేలు దాని మీద నొక్కి, తిన్నగా పైకి లేపాడు. వేలు నొక్కినచోట తెల్లగా ఒక గుండ్రం నిలిచింది. అది మళ్లీ ఎర్రబడేలోగా ఆమె వంగి చూసింది.